మా నాయిన దేవదాసు కాదు

మా నాయిన తాగుబోతు. ఈ మాట మీరు అనకముందే నేనే అంటున్న. చిన్నప్పటి నుంచి మంది నోట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డయి. ఊర్లో పటేలు అన్నడు. పట్నంలో మేస్త్రీ అన్నడు. హాస్టల్ల తోటి పిల్లలు అన్నరు. మా నాయిన చచ్చినంక పాడె మోసిన నలుగురిలో ఒకడు కూడ అన్నడు. ఇంతమంది అన్న మాట కొడుకుగా నేను రాస్తే తప్పేంది? కాకపోతే వాళ్లంతా ఆ ఒక్క మాట అని ఊకున్నరు. నేను ఊకోను. ఆ మాటకు ముందు ఏమున్నదో, వెనక ఎవరున్నరో కూడ చెప్త.

ఈ రాతకు కారణం ఒక సినిమా.

మాదాపూర్ల, సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఒక ఆఫీసు మీటింగు హాలున్నది. సినిమా పిచ్చి ఉన్నోళ్లు కొందరు కలిసి నెలకొక పాత సినిమా అక్కడ వేస్తరు. నేను కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసేటోన్ని. నన్ను గూడ పిలిచిండ్రు. ఆ రోజు వేసింది 'ఆన్ ది బవరీ'. లయొనెల్ రొగోసిన్ అనే అమెరికాయన 1956లో తీసిండు. బట్టల మిల్లుల యజమాని కొడుకు ఆయన. స్టూడియో లేదు, పేరున్న నటులు లేరు. బవరీ అంటే న్యూయార్కులో ఒక వీధి. పని పోయినోళ్లు, ఇల్లు పోయినోళ్లు, తాగి తాగి రోడ్డున పడ్డోళ్లు ఆ కాలంలో చేరిన వీధి. రొగోసిన్ నెలల తరబడి ఆ బార్లల్ల తిరిగి, ఆళ్లతోటి కూసుండి, ఆఖరికి ఆళ్లనే సినిమాల పెట్టిండు.

కథ పెద్దగ లేదు. రే అనే రైలుపట్టాల కూలీ చేతిల పెట్టెతో బవరీల దిగుతడు. బారులో దోస్తులు దొరుకుతరు. ఉన్న పైసలు వాళ్లకే తాగబోస్తడు. రాత్రి రోడ్డు మీద పడిపోతే, అప్పటిదాక పక్కన కూసుండి తాగిన గోర్మన్ అనే ముసలోడు ఆ పెట్టె ఎత్తుకపోతడు. రే మానేద్దామనుకుంటడు. మిషన్లో పాస్టరు మాటలు వింటడు. నేల మీద పండుకుంటడు. మల్ల బారుకే వస్తడు. ఆఖరికి ఆ గోర్మనే, దొంగసొత్తు అమ్మిన పైసలల్ల కొన్ని రే చేతిల పెట్టి, పోయి బాగుపడుమంటడు. రే పోతడు. వెనకున్నోళ్లు, మల్ల వస్తడులే అంటరు. అంతే సినిమా.

గోర్మన్ వేషం వేసినోడు నిజంగనే ఆ వీధి మనిషి. కార్జం కరాబైంది, ఇంక తాగితే చస్తవని డాక్టర్లు ముందే చెప్పిండ్రట. షూటింగు అయ్యేదాక ఆగిండు. అయినంక తాగిండు. చచ్చిండు. సినిమాకు వెనిస్‌ల ప్రైజొచ్చింది.

సినిమా అయినంక లైట్లేసి చర్చ పెట్టిండ్రు. 'ఎంత నిజాయితీ!' అన్నరొకరు. 'రేపటి భయం లేని మనుషులు, అదొక స్వేచ్ఛ' అన్నరింకొకరు. 'మారాలని వాళ్లకే లేకపోతే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తది?' అన్నడు మూడో ఆయన. నాలుగో ఆయన, 'తెలుగులో ఇట్లాంటి సినిమా రాదు. అసలు మనకు ఇట్లాంటి వీధే లేదు కదా' అన్నడు.

మనకు ఇట్లాంటి వీధి లేదు! ఆయన కూసున్న అద్దాల కిటికీలకెళ్లి కిందికి చూస్తే ఒక వైన్సు కనబడుతది. మా నాయిన ఆఖరి తొమ్మిదేండ్లు కూసున్న వైన్సు అదే. నేను నోరు తెరవలే. అది నా పిరికితనం. ఆ నోరు ఇప్పుడు తెరుస్తున్న.

మాది పాలమూరు జిల్లా. ఊరి బయట మాదిగవాడ. మా తాత డప్పు కొట్టేటోడు. ఊర్లో ఎవరు చచ్చినా, ఏ దేవత పండుగొచ్చినా మా తాత ముందు నడవాలె. ఎండల, వానల, చావింటి నుంచి బొందలగడ్డ దాక. మరి కూలెంత? కూలి లేదు. సారా పోస్తరు. ఇంత బువ్వ పెడ్తరు. దాన్ని కట్టుబాటు అంటరు. మా నాయినకు మూతి మీద మీసం రాకముందే, తాత పక్కన చిన్న డప్పు పట్టుకొని నిలబడ్డప్పుడే పటేలు ఇంటి ముంగట మొదటిసారి సారా పోసిండ్రు. మోదుగాకు డొప్పల, చెయ్యి తగలకుండ పైనుంచి.

కూలి అడిగితే 'మాదిగోనికి మదమెక్కింది' అన్నరు. కూలికి బదులు పోసింది తాగితే 'మాదిగోడు తాగుబోతు' అన్నరు. నేను అడిగేది ఒక్కటే. తాగినోనికి తాగుబోతని పేరు పెట్టిండ్రు. కూలి ఎగ్గొట్టి సారా పోసినోనికి ఏం పేరు పెట్టిండ్రు? ఇంత పెద్ద తెలుగు భాషల ఆయనకు ఒక్క తిట్టన్న ఎందుకు లేదు? ఉన్నది. పెద్దమనిషి అన్నదే ఆయన పేరు.

పటేలు తరువాత సర్కారొచ్చింది. 1980లల్ల వారుణి వాహిని అని చక్కటి సంస్కృతం పేరు పెట్టి సారాను ప్యాకెట్లల్ల నింపి ఊరూరికి పంపిండ్రు. నల్లా నీళ్లు రాని వాడకు సారా ప్యాకెట్టు వచ్చింది. బస్సు ఆగని ఊరికి సారా జీపు వచ్చి ఆగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్లు లేచిండ్రు. అక్షరాలు నేర్సుకునే రాత్రి బడిల కూసున్నోళ్లు, నేర్సుకున్న అక్షరం చేతవట్టుకొని సారా దుకాణం మీదికి పోయిండ్రు. కూలి చేసుకునే ఆడోళ్లు, దళిత ఆడోళ్లు ముందు నడిచిన ఉద్యమమది. 1993 అక్టోబరుల రాష్ట్రమంతట సారా బందైంది. 1995 జనవరిల సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నిండా రెండున్నరేండ్లు గూడ నిలవలే. 1997లో ఖజానా ఖాళీ అయిందని చెప్పి సర్కారే ఎత్తేసింది.

1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ తెరిచిండు.

ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి సదువుండ్రి. ఒకదానికి ఇంకోటి కారణమని నేను అంటలేను. రెండూ ఒకే సర్కారు లెక్కల పుస్తకంల ఉన్నయని అంటున్న. సైబరాబాదు చరిత్ర రాసేటోళ్లు రెండో తారీకు రాస్తరు. మొదటిది రాయరు. ఎందుకంటే మొదటిది కట్టినోళ్ల కథ, రెండోది కూసున్నోళ్ల కథ.

మేం పట్నమొచ్చింది ఆ 1997లోనే. మేస్త్రీ ఐదు వేలు అడ్వాన్సిచ్చి నాయినను, అమ్మను, అక్కను, నన్ను లారీ ఎక్కించిండు. పాలమూరు లేబరంటే దేశమంత ఎరికే. ప్రాజెక్టులు తవ్వింది మేమే, కాలువలు తీసింది మేమే. అప్పటి మాదాపూరంటే బండలే. గుండ్రటి బిల్డింగు ఒక దిక్కు లేస్తుంటే, చుట్టుపక్కల ఇంకో పది జాగలల్ల బండ పగులుతుండె. మా నాయిన ఆ పదిట్ల ఒక జాగల సమ్మెట కొట్టిండు. అమ్మ తట్ట మోసింది. మా గుడిసె నీలం పరదా.

సమ్మెట దెబ్బ బండ మీద పడితే పండ్ల చిగుర్లు గూడ అదురుతయనేటోడు నాయిన. రాత్రి క్వార్టరు పడకుంటే నిద్ర పట్టదనేటోడు. ఇది సాకు కాదా అని మీరడుగుతరు. సాకే. కాని ఒంటి నొప్పి అబద్ధం కాదు.

ఆదివారం బట్వాడా. మేస్త్రీ బట్వాడా ఎక్కడ చేసేటోడు? వైన్సు ముందట. అడ్వాన్సు కిందికి కొంత కోసుకొని, నలుగురికి కలిపి ఒక ఐదువందల నోటిచ్చి పంచుకోమనేటోడు. నోటు చింపి పంచుకుంటరా? చిల్లర కావాలె. ఆదివారం పూట ఐదువందలకు చిల్లరిచ్చే దుకాణం ఆ బండలల్ల ఒక్కటే ఉన్నది. ఊకెనే చిల్లర ఇయ్యడు గద, ఏదన్న కొనాలె. అట్ల నలుగురి కూలి నుంచి ముందు ఒక సీసా బయటికొచ్చేది, ఆ తరువాత చిల్లర వచ్చేది. ఆ చిల్లర కోసం అమ్మ రోడ్డుకు అవతల నిలబడేది. మా నాయిన తాగుడు గురించి మాట్లాడే ముందు ఆ ఐదువందల నోటు గురించి మాట్లాడుండ్రి.

2002లో సెంట్రింగు మీదికెళ్లి పడి నాయిన నడుము విరిగింది. సమ్మెట లేపే మనిషి కాలేదు. అప్పటి నుంచి వైన్సు పక్క పర్మిట్ రూమే ఆయన ఇల్లు. పొద్దుగాల ఊడ్చేటోడు. తాగేటోళ్లకు ఉడకబెట్టిన గుడ్లు, పల్లీలు తెచ్చిచ్చేటోడు. ఖాళీ సీసాలు ఏరి సంచులల్ల కట్టేటోడు. కూలెంత? కూలి లేదు. రాత్రి ఒక క్వార్టరు. ఊర్లో డప్పుకు సారా, పట్నంలో చీపురుకు క్వార్టరు. నడుమ ముప్పై ఏండ్లు పోయినయి, నూటయాభై కిలోమీటర్లు దాటినం, హైటెక్ సిటీ అని పేరొచ్చింది. కట్టుబాటు మారలే.

ఒకసారి నేను కోపానికొచ్చి అడిగిన. 'ఏమున్నదే నాయినా ఆడ? ఇంటికాడ పండుకోరాదు?' ఆయన చానసేపు మాట్లాడలే. తరువాత అన్నడు: 'ఆడ నన్నెవ్వడు నీదే కులం అనడురా. పిలిచి కుర్చీ ఏస్తరు. అందరికీ ఒకటే గ్లాసు. తాగినంక అందరియి ఒకటే తొట్టిల పారేస్తరు.'

ప్లాస్టిక్ గ్లాసు. వాడి పారేసే గ్లాసు. ఊరి హోటల్ల మా తాతకు చూర్ల చెక్కిన గ్లాసు వేరు. కల్లు మండువ కాడ మాకు డొప్ప వేరు. పుట్టిన కాడికెళ్లి మా నాయిన చూసిన మొదటి ఒకటే గ్లాసు వైన్సు గ్లాసు.

చర్చల మీరన్న స్వేచ్ఛ ఇదే కావొచ్చు. కాని అయ్యలారా, నేను దాన్ని స్వేచ్ఛ అనను. స్వతంత్రం వచ్చి అన్నేండ్లయినంక ఈ దేశం మా నాయినకు కుర్చీ ఏసిన జాగ వైన్సొక్కటేనా? బడిల ఏయలే. బ్యాంకుల ఏయలే. పోలీసు స్టేషన్ల ఏయలే. ఆయన బండ కొట్టిన జాగల లేచిన ఆఫీసులల్ల గేటు కూడ దాటనియ్యలే. ఆ ఒక్క కుర్చీకి కిరాయి ఆయన కార్జం.

ఇప్పుడు తెలుగు సినిమా కాడికొద్దం. మనకు తాగుబోతుల సినిమాలు లేవా? ఎన్ని లేవు! 1953ల వేదాంతం రాఘవయ్య 'దేవదాసు' తీసిండు. శరత్‌బాబు నవల. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు. జమీందారు కొడుకు. పార్వతి దక్కలేదని తాగిండు. డెబ్బై ఏండ్లు దాటినా జనం ఆయన కోసం కండ్లనీళ్లు పెట్టుకుంటనే ఉన్నరు. దేవదాసు తాగితే ప్రేమ. మా నాయిన తాగితే కులంబుద్ధి. దేవదాసు దగ్గినా పాటే, మా నాయిన దగ్గితే అవతలికి పొమ్మంటరు. దేవదాసు తాగటానికి పైసలు ఎక్కడియి? జమీందారీవి. ఆ జమీందారీ భూములల్ల నాగలి పట్టినోడు ఎవడు? పొద్దుగూకినంక ఆడేం తాగిండు? ఆని మీద ఎవరన్న ఏడ్చిండ్రా? చచ్చేటప్పుడు గూడ దేవదాసును పార్వతి ఊరి దాక తోలుకపోయే బండోడు ఉన్నడు. ఆ బండోని పేరు మీకెవరికన్న గుర్తున్నదా?

గొప్పోళ్ల తాగుబోతు ఏడిపిస్తడు. పేదోళ్ల తాగుబోతు నవ్విస్తడు. నిషేధం ఎత్తేసిన 1997లనే 'మా నాన్నకు పెళ్లి' వచ్చింది. అండ్ల ఎం.ఎస్. నారాయణ తాగుబోతు వేషం జనాన్ని కడుపుబ్బ నవ్వించింది. గొప్ప నటుడు, ఆయన తప్పు కాదు. ఆ తరువాత ప్రతి సినిమాకు ఒక తూలే మనిషి కావలసొచ్చిండు. ఆ మనిషికి కూలి ఎవరిచ్చిండ్రు, ఇంటికాడ ఎవరు ఎదురుచూస్తున్నరు, ఇవేవీ ఉండవు. తూలాలె, పడాలె, మీరు నవ్వాలె.

2017ల 'అర్జున్ రెడ్డి' వచ్చింది. సందీప్ రెడ్డి వంగా తీసిండు. పేరులనే కులమున్నది. డాక్టరు. ప్రేమ పోయిందని తాగుతడు. తాగి ఆపరేషన్లు చేస్తడు. అయినా హీరోనే. అండ్ల ఒక సీనున్నది. ఇంట్ల పనిచేసే ఆమె చేతిల గ్లాసు పగులుతది. హీరో ఆమెను రోడ్డు దాక తరుముతడు. నేను హాల్ల చూసిన. హాలు హాలంత నవ్వింది. నా పక్కన మా అక్క కూసున్నది. ఏడో తరగతిల బడి మానేసి కొండాపూర్ అపార్టుమెంట్లల్ల గిన్నెలు తోముతున్న మా అక్క. ఆమె నవ్వలే. ఇంటర్వెల్ల లేచి పోదాం పా అన్నది. అంతకంటె పెద్ద సమీక్ష నేను ఏ పేపర్ల చదవలే.

2023ల 'దసరా'ల బొగ్గుబాయిల ఊరు, బారు, కులం, ఓట్లు ఒక కథలకొచ్చినయి. సంతోషించిన. కాని ఆఖరికి కత్తి పట్టాల్సిందే, రావణుని లెక్క నరకాల్సిందే. కత్తి పట్టకుండ, ఎవన్నీ కొట్టకుండ, పర్మిట్ రూముల సీసాలేరి చచ్చిపోయిన మనిషికి మన సినిమాల జాగలేదు. అందుకే ఆ బవరీ సినిమాకు ఒక్క విషయంల దండం పెడ్త. కెమెరా కూలీ మొఖం మీద ఆగింది. నవ్వుమని చెప్పలే, ఏడువుమని చెప్పలే.

ఇంతమందిని అడిగినోన్ని, నన్ను నేను అడగకుంటే ఈ రాతకు విలువలేదు.

2009. నాకు కొత్తగ ఉద్యోగమొచ్చింది. మెడల ట్యాగు. ఒక శుక్రవారం రాత్రి టీమోళ్లందరం తినటానికి పోతున్నం. వైన్సు ముందట ఫుట్‌పాత్ మీద మా నాయిన పడున్నడు. లుంగీ పక్కకు జరిగింది. మాలో ఒకామె ఆగి, 'పాపం, ఎవరో' అన్నది. నేను గూడ 'ఎవరో' అన్న. అనుకుంట దాటిపోయిన. దాటేటప్పుడు చూసిన. ఆయన కండ్లు తెరిచే ఉన్నయి. నన్ను గుర్తువట్టిండు. గుర్తువట్టి మెల్లగ కండ్లు మూసుకుండు.

ఆ సంగతి ఇంట్ల ఎన్నడూ ఎత్తలే. అమ్మకు చెప్పలే. 2011ల కామెర్లు ముదిరి, పొట్ట ఉబ్బి చచ్చిపోయిండు. గోర్మన్ దోస్తు పెట్టె ఎత్తుకపోయినా ఆఖరికి కొన్ని పైసలన్న తిరిగిచ్చిండు. నేను ఆ రాత్రి ఎత్తుకపోయింది తిరిగియ్యటానికి మనిషి లేడు. చదువుకున్న దళిత తమ్ముల్లారా, చెల్లెల్లారా, ట్యాగు మెడల పడంగనే మనం ఎవరిని 'ఎవరో' అంటున్నమో ఒకసారి చూసుకోండ్రి. వాళ్లు మనల్ని వెలివేసిండ్రు, నిజమే. మనం మనోళ్లను ఎన్నిసార్లు వెలివేసినం?

అట్లని మా నాయినను దేవున్ని చేస్తలేను. ఆయన మా అమ్మను కొట్టిండు. ఆమె వెండి కడియాలు కుదువబెట్టిండు. నా సైకిలు అమ్మిండు. అక్క చదువు ఆగింది ఆ తాగుడుతోనే. నా చదువు సాగింది అక్క తోమిన గిన్నెలతోని. మన ఉద్యమాలల్ల, మన పాటలల్ల, దోపిడీ వల్ల తాగుతున్నడని ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకుంటం. ఈ మాట ఒకసారి మీటింగుల విని మా అమ్మ అన్నది: 'దోపిడి నన్ను గూడ చేసింది గద. సమ్మెట కింద కంకర నేను మోసిన గద. నేను తాగిన్నా?' ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పాట ఇంక రాలే.

ఆ బవరీ సినిమా వచ్చిన 1956లనే, అక్టోబరు 14న నాగపూర్ల బాబాసాహెబ్ లక్షలమందితో ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించిండు. మత్తు తాగనన్నది అండ్ల ఒకటి. అది నీతి బోధ కాదు. మా కూలి సీసాల పోసి మాకే అమ్మకుండ్రి అన్న లెక్క అది. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నం చెయ్యమని రాజ్యానికి చెప్తది. రాజ్యం ఏం చేసింది? భూమిల వాటా అడిగితే, తెలంగాణల 2021ల మాకు వైన్సు దుకాణాలల్ల పది శాతం వాటా ఇచ్చింది. ఉత్త దరఖాస్తుకే రెండు లక్షలు. 2025ల మూడు లక్షలైంది. లాటరీల పేరు రాకున్నా ఆ పైసలు తిరిగిరావు. మా నాయిన సీసాలేరిన దుకాణానికి మేమే ఓనర్లం కావొచ్చట. ఇది సామాజిక న్యాయమట. మూడెకరాలు అడిగినోనికి మూతలేని సీసా చేతిల పెట్టుడు న్యాయమా?

నేను తాగను. నీతిమంతున్ని అని కాదు. నా కూలి నా చేతిల ఉండాలె అని.

రేపు మీలో ఎవరన్న మాదాపూర్ మీద, ఒక తాగుబోతు మీద సినిమా తీస్తరు కావొచ్చు. తీయుండ్రి. కాని మొదటి షాటు సీసా మీద పెట్టకుండ్రి. సమ్మెట మీద పెట్టుండ్రి. పటేలు ఇంటి ముంగటి మోదుగాకు డొప్పను మర్వకుండ్రి. నలుగురికి కలిపిచ్చిన ఐదువందల నోటును మర్వకుండ్రి. రోడ్డుకవతల చిల్లర కోసం నిలబడ్డ ఆడమనిషిని అసలే మర్వకుండ్రి.

ఆ బవరీ సినిమా కథంత మా అమ్మకు చెప్పిన. తట్ట మోసిన మెడ ఇప్పుడు తిరగదు, మనిషే మొత్తం తిరిగి చూస్తది. అంత విని ఒక్కటే అడిగింది: 'ఆ రే అనేటోని పెండ్లాం ఏమైంది?'

తెల్వదన్న. సినిమాల లేదన్న.

'అయితే సగమే తీసిండ్రు గద బిడ్డా' అన్నది.

మిగిలిన సగం మేం రాస్తం.